నాలుగు చిప్పుల కంప్యూటరు

ఒక లెక్క వేద్దాం. ఇంట్లోకి కంప్యూటరు కావాలంటే ఏమేం కొనాలి? లెక్కలు చేసే యంత్రం, అది చేసిన పనిని చూపించే తెర, మనం చెప్పదలచుకున్నది చెప్పడానికి కీబోర్డు, చేసిన పనిని దాచుకోవడానికి ఏదో ఒక సాధనం, వీటన్నిటికీ కరెంటు అందించే ఏర్పాటు, అన్నిటినీ ఇముడ్చుకునే పెట్టె. ప్రతిదానికీ డబ్బు పెట్టాల్సిందే.

ఇప్పుడు రెండో లెక్క. ఈ జాబితాలో ఏవేవి కొట్టేసినా కంప్యూటరు ఇంకా కంప్యూటరుగానే మిగులుతుంది? వేటిని అరువు తెచ్చుకోవచ్చు? ఏ రెండు పనులను ఒకే వస్తువు చేత చేయించవచ్చు?

ఈ రెండో లెక్కను చాలా గట్టిగా పట్టుకున్నవాళ్ళు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉండేవారు. క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన నడిపిన సంస్థ 1981 మార్చిలో జడ్‌ఎక్స్‌81 అనే కంప్యూటరును విడుదల చేసింది. అది 167 మిల్లీమీటర్ల వెడల్పు, 175 మిల్లీమీటర్ల లోతు, 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న నల్లటి ప్లాస్టిక్ పెట్టె. బరువు 350 గ్రాములు. అంటే అర కిలో కూడా లేదన్నమాట! తయారుగా కొంటే వెల 69 పౌన్ల 95 పెన్స్. విడిభాగాలుగా తెప్పించుకుని, ఇంట్లో కూర్చుని మీరే టంకం వేసి బిగించుకుంటే 49 పౌన్ల 95 పెన్సే.

ఆ వెల ఎంత తక్కువో తెలియాలంటే అంతకు నాలుగేళ్ళ ముందు సంగతి చూడాలి. 1977లో అమెరికాలో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటరు వెల 1298 డాలర్లతో మొదలయ్యేది. మన దేశంలోనూ కంప్యూటర్లు తయారయ్యేవి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. వరుస యంత్రాలను తయారుచేసింది. కాని అవి పరిశోధన శాలలకూ పెద్ద సంస్థలకూ ఉద్దేశించినవి. ఒక విద్యార్థి తన బల్లమీద పెట్టుకుని ఆడుకునే వస్తువులు కావు. జడ్‌ఎక్స్‌81 మాత్రం 15 లక్షలకు పైగా అమ్ముడైంది. దాన్ని అంత చవకగా, అంత చిన్నగా ఎలా చేయగలిగారు? మూత తీసి చూద్దాం రండి.

మూత తీస్తే నలుగురే

లోపల ముఖ్యమైన చిప్పులు నాలుగే నాలుగు. (చిప్పు అన్నాను, కొబ్బరి చిప్ప కాదు సుమా! వేలాది సూక్ష్మ విద్యుత్ వలయాలను ఒక చిన్న సిలికాన్ పలుకుమీద అమర్చి, పైన నల్లటి తొడుగు వేస్తే అది చిప్పు.) ఆ నలుగురూ ఎవరంటే:

మొదటిది ప్రాసెసరు. దాని పేరు జడ్80. ఆలోచించేదీ, కూడికలూ తీసివేతలూ చేసేదీ ఇదే. సెకనుకు 32 లక్షల 50 వేల టిక్కులు కొట్టే గడియారానికి అనుగుణంగా ఇది అడుగులు వేస్తుంది.

రెండోది రోమ్. ఇది అచ్చు పుస్తకం వంటిది. ఇందులో ఉన్నది చదవవచ్చు, చెరపలేము, కొత్తగా రాయలేము. కరెంటు పోయినా చెక్కుచెదరదు. మనం బేసిక్ భాషలో రాసిన ఆజ్ఞలను ప్రాసెసరు ఎలా అర్థం చేసుకోవాలో, ప్రతి అక్షరాన్నీ తెరమీద ఏయే చుక్కలతో గీయాలో, అంతా ఈ పుస్తకంలోనే అచ్చయి ఉంటుంది. పుస్తకం మొత్తం 8 కిలోబైట్లు.

మూడోది ర్యామ్. ఇది పలక వంటిది. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, చెరుపుకోవచ్చు. కాని కరెంటు తీయగానే పలక శుభ్రంగా తుడిచినట్టయిపోతుంది. దీని పరిమాణం 1 కిలోబైటు, అంటే 1024 బైట్లు. ఒక బైటులో ఒక ఇంగ్లీషు అక్షరం పడుతుంది. ఇంత చిన్న పలకమీద ఏం రాస్తారు అని మీకు సందేహం రావచ్చు. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం.

నాలుగోది ఇంటి పెద్ద పాలేరు. ప్రాసెసరు పుస్తకం అడిగితే పుస్తకం, పలక అడిగితే పలక అందివ్వడం, కీబోర్డు కబురు మోసుకురావడం, టెలివిజనుకు సంకేతాలు పంపడం, గడియారం టిక్కులు కొట్టడం, ఇలాంటి చిల్లర పనులన్నీ దీనివే. జడ్‌ఎక్స్‌81కు ముందు 1980లో అదే సంస్థ తెచ్చిన జడ్‌ఎక్స్‌80లో 21 చిప్పులుండేవి. వాటిలో 18 చిప్పులు చేసే పనిని ఈ ఒక్క చిప్పుకు అప్పజెప్పారు. ఆ 18 చిప్పుల ఖరీదు మిగిలింది, వాటికి వేయాల్సిన టంకం మిగిలింది, అవి ఆక్రమించే చోటూ మిగిలింది. పెట్టె చిన్నదవడానికి అసలు కారణం ఇదే.

శుభలేఖ రహస్యం

అయితే ఒక చిక్కుంది. కావలసిన పనికి కావలసినట్టుగా ఒక కొత్త చిప్పును మొదటినుంచీ తయారు చేయించడం చాలా ఖర్చుతో కూడిన పని. చవక కంప్యూటరు చేసేవాళ్ళకు అంత డబ్బెక్కడిది?

పెళ్ళి శుభలేఖలు అచ్చు వేయించడానికి ఎప్పుడైనా పెద్దవాళ్ళతో ప్రెస్సుకు వెళ్ళారా? రంగురంగుల బొమ్మలతో, అంచులతో కార్డులు ముందే వేలకువేలు అచ్చై అక్కడ సిద్ధంగా ఉంటాయి. మనం ఒకటి ఎంచుకుంటాం. ప్రెస్సువాళ్ళు అందులో వధూవరుల పేర్లూ ముహూర్తమూ మాత్రం అచ్చు వేసి ఇస్తారు. అందుకే ఖర్చు తక్కువ. ప్రతి పెళ్ళికీ కొత్త బొమ్మ వేయించి, కొత్త అచ్చు దిమ్మె చేయించాలంటే ఎంతవుతుందో ఊహించండి.

ఫెర్రాంటి అనే బ్రిటిష్ సంస్థ చిప్పుల విషయంలో ఇదే పని చేసింది. తర్క వలయాలన్నీ వరుసగా పేర్చి, ఒకదానితో ఒకటి కలపకుండా వదిలేసిన చిప్పులను ముందే తయారుచేసి ఉంచేది. ఏ వలయాన్ని దేనితో కలపాలో కొనేవాళ్ళు చెబితే, పైన చివరి లోహపు పొరను మాత్రం ఆ ప్రకారం వేసి ఇచ్చేది. అలా తయారైనదే మన నాలుగో చిప్పు. పెద్ద పాలేరు శుభలేఖ పద్ధతిలో ఉద్యోగంలో చేరాడన్నమాట!

అరువు తెచ్చుకున్నవి

ఇక తెర. అసలు తెరే ఇవ్వలేదు! ఇంట్లో టెలివిజను ఉంది కదా, దాని యాంటెన్నా రంధ్రంలో తీగ దూర్చమన్నారు. కంప్యూటరు తన బొమ్మను ఒక చిన్న టెలివిజను స్టేషనులాగా ప్రసారం చేస్తే టీవీ దాన్ని అందుకుని చూపించేది. తెరమీద 24 వరుసలు, వరుసకు 32 అక్షరాలు, నలుపు తెలుపుల్లో.

దాచుకోవడానికి డిస్కులు లేవు. ఇంట్లో పాటలు వినే కేసెట్టు టేపురికార్డరే భోషాణం. కంప్యూటరు తన పలకమీది రాతను కీచుమనే ధ్వనులుగా మార్చి టేపుమీదికి పంపేది. మళ్ళీ కావాలంటే ఆ ధ్వనులను వినిపించాలి. సెకనుకు సుమారు 300 బిట్లు, అంటే 40 అక్షరాలకు లోపే. మధ్యలో టేపు కాస్త బెసికితే మళ్ళీ మొదటికే!

కీబోర్డులో కదిలే మీటలు లేవు. పల్చటి ప్లాస్టిక్ పొరమీద 40 గుర్తులు అచ్చు వేశారు. వేలితో నొక్కితే కింది పొరలోని లోహపు గీతలు ఒకదానికొకటి తగులుతాయి. వేగంగా టైపు చేయడానికి పనికిరాదు గాని స్ప్రింగులు లేవు, మీటలు లేవు, ఖర్చూ లేదు. కరెంటు ఆపడానికి స్విచ్చి కూడా పెట్టలేదు. తీగ పీకేయడమే!

వంటవాడే వడ్డించాలి

టెలివిజను తెరమీద బొమ్మ ఒకసారి గీస్తే నిలిచి ఉండదు. ఇంగ్లండులోని టెలివిజనులో సెకనుకు 50 సార్లు బొమ్మను మళ్ళీ మళ్ళీ గీయాలి. పెద్ద కంప్యూటర్లలో ఈ పనికోసమే విడిగా చిప్పులుంటాయి. జడ్‌ఎక్స్‌81లో అవి లేవు. మరి గీసేదెవరు? ఆలోచించే ప్రాసెసరే!

విందులో వంటవాడొక్కడే ఉండి, వడ్డన కూడా అతనే చేయాల్సి వచ్చిందనుకోండి. వడ్డిస్తున్నంతసేపూ పొయ్యి దగ్గరికి పోలేడు. బంతికీ బంతికీ మధ్య దొరికే సందులో పరుగెత్తి కూర కలిపి రావాలి. మన ప్రాసెసరు చేసింది సరిగ్గా అదే. టీవీ తెరమీద పై అంచులోనూ కింది అంచులోనూ అక్షరాలుండని ఖాళీ జాగా ఉంటుంది. కిరణం ఆ ఖాళీని దాటుతున్న సమయంలోనే ప్రాసెసరు మన లెక్కలు చేసేది. అక్షరాల వరుసలు రాగానే లెక్క ఆపి బొమ్మ గీయడానికి వచ్చేది.

దీనికి స్లో పద్ధతి అని పేరు. తొందరగా లెక్క కావాలంటే ఫాస్ట్ అని ఆజ్ఞ ఇవ్వవచ్చు. అప్పుడు వంటవాడు వడ్డన పూర్తిగా మానేసి వంటింట్లోనే ఉంటాడు. లెక్క సుమారు నాలుగు రెట్ల వేగంతో సాగుతుంది. కాని విస్తళ్ళు ఖాళీ! లెక్క ముగిసేదాకా తెరమీద ఏమీ కనిపించదు. వేగం కావాలా, బొమ్మ కావాలా, ఏదో ఒకటి మీరే తేల్చుకోవాలి.

1024 బైట్ల సంసారం

ఇప్పుడు ఆ చిన్న పలక సంగతి. కాగితం, పెన్సిలు తీసుకుని నాతోపాటు లెక్క కట్టండి. మొత్తం 1024 బైట్లు. కంప్యూటరు తన సొంత లెక్కాడొక్కా రాసుకోవడానికి 125 బైట్లు తీసుకుంటుంది. తెర నిండా అక్షరాలుంటే 24 వరుసలకు, వరుసకు 32 అక్షరాలూ 1 వరుస ముగింపు గుర్తూ, అంటే 24ను 33 చేత హెచ్చిస్తే 792. మొదట ఒక గుర్తు కలిపితే 793. ఈ రెండూ 1024లోంచి తీసేస్తే మిగిలేది 106 బైట్లు. మీ ప్రోగ్రాము, అది వాడుకునే అంకెలు, అన్నీ ఆ 106లో సర్దుకోవాలి!

ఈ ఇబ్బందికి ఒక ఉపాయం చేశారు. ఖాళీ వరుసకు 32 ఖాళీలు రాయనక్కరలేదు, ముగింపు గుర్తు ఒక్కటి చాలు. కాబట్టి ఖాళీ తెరకు పట్టేది 25 బైట్లే. తెరమీద తక్కువ రాస్తే ప్రోగ్రాముకు ఎక్కువ చోటు. ఇంకో ఉపాయం: ప్రింట్ అనే ఆజ్ఞను అయిదు అక్షరాలుగా దాచకుండా ఒకే గుర్తుగా ఒకే బైటులో దాచేవారు. అందుకే ఒక్క మీట నొక్కితే ప్రింట్ అనే మాట మొత్తం తెరమీదికి వచ్చేది.

ఇంత ఇరుకులో ఏం చేయగలరు అనుకునేరు! డేవిడ్ హార్న్ అనే ఆయన ఈ 1 కిలోబైటు యంత్రంలో చదరంగం ఆడే ప్రోగ్రాము రాశాడు. 672 బైట్లలో! కోట కట్టడం వంటి కొన్ని ప్రత్యేక నియమాలను వదిలేయాల్సి వచ్చింది గాని, ఎదురుగా కూర్చున్న మనిషితో ఎత్తుకు పైఎత్తు వేసి ఆడగలిగేది.

చవకకు చెల్లించిన మూల్యం

అంతా బాగానే ఉన్నట్టు చెబితే అది సగం నిజమే అవుతుంది. 1 కిలోబైటు చాలనివాళ్ళు 16 కిలోబైట్ల మెమొరీ పెట్టెను విడిగా కొని వెనక తగిలించేవారు. అది గట్టిగా కూర్చునేది కాదు. బల్ల కాస్త కదిలితే చాలు, తగులు తప్పి గంటలకొద్దీ టైపు చేసిన ప్రోగ్రాము మాయమయ్యేది. చాలామంది దాన్ని అంటుకాగితాలతో కదలకుండా బిగించి వాడుకున్నారు.

రెండో బాధ వేడి. బయటి అడాప్టరునుంచి 9 వోల్టులు వచ్చేవి. చిప్పులకు కావలసింది 5 వోల్టులు. మిగతా 4 వోల్టులను లోపలున్న రెగ్యులేటరు వేడిగా మార్చి వదిలేసేది. అంటే లోపలికి వచ్చిన శక్తిలో 9 పాళ్ళకు 4 పాళ్ళు వృథా! అందుకే కాసేపు వాడగానే పెట్టె వెచ్చబడేది. చిన్న పెట్టెలో కంప్యూటరు పెట్టాలనుకునే ప్రతివారికీ నేటికీ మొదటి శత్రువు వేడే.

మళ్ళీ కేంబ్రిడ్జిలోనే

ఆ కాలంలో అదే ఊళ్ళో ఏకార్న్ అనే మరో సంస్థ ఉండేది. అది తయారుచేసిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు 1984లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ అనే పథకం ద్వారా మన దేశంలోని కొన్ని పాఠశాలలకూ వచ్చాయి. ఏకార్న్‌లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన ఆర్మ్ అనే ప్రాసెసరు 1985లో మొదటిసారి పనిచేసింది. నేటి సెల్‌ఫోన్లలో ఉన్నవి దాని సంతతివే.

తరవాత కంప్యూటర్లు ఎంతో శక్తిమంతమయ్యాయి. కాని ఒక వింత జరిగింది. మీట నొక్కగానే ఆజ్ఞ ఇవ్వమని అడిగే యంత్రాలు ఇళ్ళలోంచి పోయాయి. వాటి స్థానంలో ఆటలాడే పెట్టెలు, మూత తీయడానికి భయం వేసే ఖరీదైన కంప్యూటర్లు వచ్చాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చదవడానికి వచ్చే విద్యార్థుల సంఖ్య తగ్గిపోతున్నదనీ, వచ్చేవాళ్ళకు ప్రోగ్రాములు రాసిన అనుభవం తక్కువగా ఉంటున్నదనీ ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు గమనించారు. పిల్లలు చెడగొట్టినా ఇంట్లో ఎవరూ కోప్పడనంత చవకైన కంప్యూటరు ఉండాలనుకున్నారు. ఫలితంగా 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల రాస్‌బెర్రీ పై వచ్చింది. 2015 నవంబరులో 5 డాలర్ల పై జీరో, 2021 అక్టోబరులో 15 డాలర్ల పై జీరో 2 డబ్ల్యూ వచ్చాయి.

ఈ చివరిదాని పలక 65 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు. రెండు వేళ్ళు జోడించి పెడితే ఎంత చోటో అంతే! ఆలోచించే ప్రాసెసరు, బొమ్మ గీసే భాగం, 512 మెగాబైట్ల ర్యామ్, అన్నీ ఒకే తొడుగులో ఉన్నాయి. జడ్‌ఎక్స్‌81 ర్యామ్‌కు ఇది 5,24,288 రెట్లు. అచ్చు పుస్తకం పాత్ర ఇక్కడ గోరంత మెమొరీ కార్డుది. 18 చిప్పులను ఒకటిగా మడిచిన ఆనాటి ఉపాయమే ఇంకా ముందుకు సాగింది.

సబ్బుపెట్టెలో కంప్యూటరు

ఇలాంటి పలకతో మీరూ, మీ స్నేహితులూ కలిసి, లేదా మీ బడి సైన్సు క్లబ్బులో ఒక కంప్యూటరు కట్టవచ్చు. కావలసినవి: పలక, మెమొరీ కార్డు, 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టరు, టీవీకి కలిపే ఎచ్.డి.ఎం.ఐ. తీగ, దాని చిన్న మూతికి తగిన అమరిక, ఒక కీబోర్డు, దాన్ని తగిలించే చిన్న తీగ. తెర ఇప్పుడు కూడా అరువే, ఇంట్లో టీవీయే! కార్డుమీదికి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి మొదట ఒక్కసారి వేరే కంప్యూటరు కావాలి. బడిలో ఉన్నది చాలు. ఆ సిస్టమ్‌కు డబ్బేమీ ఇవ్వనక్కరలేదు.

పెట్టె సంగతి చూద్దాం. స్టీలు టిఫిను డబ్బా అందంగానే ఉంటుంది గాని వద్దు. పలక అడుగున టంకం చుక్కలు బయటికే ఉంటాయి. అవి స్టీలుకు తగిలితే షార్టు సర్క్యూటు. పైగా మూసిన లోహపు డబ్బాలోకి రేడియో తరంగాలు సరిగా దూరలేవు కాబట్టి వైఫై దెబ్బతింటుంది. ప్రయాణాల్లో వాడే ప్లాస్టిక్ సబ్బుపెట్టె చక్కగా సరిపోతుంది. నీరు కారడానికి అడుగున రంధ్రాలుంటే మరీ మంచిది. మూతకు కూడా కొన్ని రంధ్రాలు వేయండి. వేడిగాలి తేలికై పైకి పోతుంది, చల్లగాలి అడుగునుంచి లోపలికి వస్తుంది. వంటింటి గోడకు పైన గవాక్షాలు ఎందుకు పెడతారో ఇక్కడ రంధ్రాలూ అందుకే. రెండు చోట్లా రంధ్రాలుండాలి. ఒకచోటే ఉంటే గాలి కదలదు. లోపల వేడి 80 డిగ్రీలు దాటబోతే పై తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీ కంప్యూటరు మందగించిందంటే ముందు గాలి సంగతి చూడండి.

పలక నాలుగు మూలలా మరల కోసం రంధ్రాలున్నాయి. చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలు కింద పెట్టి, పలక పెట్టె అడుగుకు తగలకుండా ఎత్తులో బిగించండి. తీగల మూతులు ఎక్కడికి వస్తాయో ముందు అట్టమీద కొలిచి గీసుకుని, ఆ తరవాతే ప్లాస్టిక్ కోయండి. రంధ్రాలు వేయడం, టంకం వేయడం పెద్దవాళ్ళు దగ్గరుండగానే చేయండి. ఇంటి కరెంటుకు తగిలించే అడాప్టరును మాత్రం ఎవరూ విప్పకూడదు. ఇంకో మాట. జడ్‌ఎక్స్‌81లాగా దీని తీగ పీకేయకండి. ముందు ఆపమని ఆజ్ఞ ఇచ్చి, అది ఆగాకే కరెంటు తీయండి. కార్డుమీద రాస్తుండగా కరెంటు పోతే రాసినదంతా చెడిపోవచ్చు.

మొదటి పని

కంప్యూటరు తయారైంది. సినిమాలు చూడ్డానికే అయితే ఇంత శ్రమ ఎందుకు? పలక అంచున 40 రంధ్రాల వరుస ఉంది. అక్కడ పిన్నులు టంకం వేసుకుంటే బయటి ప్రపంచానికి మీరే ఆజ్ఞలు పంపవచ్చు. ఒక పిన్నునుంచి 330 ఓముల నిరోధం, దాని తరవాత ఒక చిన్న ఎర్ర ఎల్‌ఇడి దీపం కలిపి, రెండో కొసను గ్రౌండుకు కలపండి. పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు. దీపం సుమారు 2 వోల్టులు తీసుకుంటే మిగిలేది 1.3. ఓం సూత్రం ప్రకారం 1.3ను 330 చేత భాగిస్తే సుమారు 4 మిల్లీఆంపియర్లు. దీపానికీ, పిన్నుకూ హాయిగా సరిపోతుంది. ఆ పిన్నులకు బయటినుంచి 3.3 వోల్టులకు మించి మాత్రం ఇవ్వకండి. పలక పాడవుతుంది.

ఇక సెకను వెలిగి సెకను ఆరేలా పైథాన్ భాషలో నాలుగైదు వరుసల ప్రోగ్రాము రాయండి. దీపం వెలిగితే, ఎందుకు వెలిగిందో అడాప్టరు దగ్గరనుంచి దీపందాకా ఒక్కొక్క మెట్టూ మీ తమ్ముడికో చెల్లెలికో చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మీరు ఇంకా నేర్చుకోవాల్సింది ఉందని అర్థం.

చివరగా ఒక పందెం. మీ ప్రోగ్రాములన్నీ ఎన్ని బైట్లున్నాయో చూడండి. జడ్‌ఎక్స్‌81కు మిగిలిన ఆ 106 బైట్లలో పట్టే ప్రోగ్రాము ఏదైనా మీరు రాయగలరా? రాయగలిగితే మీ క్లాసులో ఇంకెవరైనా దాన్ని 90 బైట్లకు కుదించగలరేమో అడగండి!